గోడ పక్క కారు

"నా కళ్ళకేం కాలేదు. ఆవిడే చూసుకోకుండా రోడ్డు మీదికి అడుగేసింది!" అంటూ క్లిఫ్ ఆర్మరోడ్ బల్ల మీద చరిచాడు. గ్లాసులో నీళ్ళు తొణికాయి.

ఆవిడంటే మార్జరీ. బడి ముందు 'ఆగండి' అని రాసిన గుండ్రటి బోర్డు పట్టుకుని పిల్లల్ని రోడ్డు దాటిస్తుంది. మంగళవారం పొద్దున ఆమె బోర్డు ఎత్తి నిలబడ్డా క్లిఫ్ టాక్సీ ఆగలేదు. వెనక్కి గెంతింది కాబట్టి బతికింది. ఆమె వెనకాలే పిల్లలు చేతులు పట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు.

విరిగిన ఆ బోర్డు ఇప్పుడు బల్ల మీద ఉంది. ఊరి కౌన్సిల్ టాక్సీ లైసెన్సుల సంఘంలోని ముగ్గురూ దానివైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలూ పడుతున్నారు.

"ఇంత బోర్డు ఎలా కనబడలేదు క్లిఫ్ గారూ?" అని అధ్యక్షురాలు డోరీన్ హాస్లమ్ మెల్లగా అడిగింది.

"ఎండ కళ్ళల్లో కొట్టింది డోరీనమ్మా."

"ఎండా? ఎప్పుడూ మబ్బు పట్టి ఉండే మన ఊళ్ళోనా?" అన్నాడు పక్కనున్న సభ్యుడు టాటర్సల్. ఎవరూ నవ్వలేదు.

డోరీన్ లైసెన్సుల అధికారి వైపు తిరిగింది. "బండి సంగతేంటి థార్న్‌లీ?"

"పరీక్ష చేయించి ఇప్పుడే తెచ్చి పెట్టాను మేడమ్. బ్రేకులు, టైర్లు, అన్నీ బాగున్నాయి."

"బాగుండక ఏమవుతుంది? పొద్దున తాళాలిచ్చేటప్పుడే చెప్పాగా బాబూ, అది ముసలిదే కానీ మొండిది," అన్నాడు క్లిఫ్. "తాళం మీద మీట నొక్కితే మాత్రం పీక నొక్కిన బాతులా అరుస్తుంది. దానికున్న రోగం అదొక్కటే."

ఈసారి అందరూ నవ్వారు. థార్న్‌లీ నవ్వలేదు.

"బండి మీద ఫిర్యాదు లేదు మేడమ్, నడిపే మనిషి మీదే. ఈయన రోజూ నడవలేని పిల్లల్ని కౌన్సిల్ తరఫున బడికి తీసుకెళ్తారు. ఏదైనా జరిగితే ఆ పిల్లలు దిగి పారిపోనైనా పోలేరు. కంటి డాక్టరు దగ్గరికి పంపి, ఆ కాగితం వచ్చేదాకా లైసెన్సు ఆపేయాలి."

క్లిఫ్ మొహంలో రంగు మారింది. "ఆపేస్తే? ఆ ఎల్సీ పిల్ల చక్రాల కుర్చీని వేరేవాళ్ళు ముట్టుకుంటే ఏడుపు లంకించుకుంటుంది. నేను వెళ్తేనే ఇంట్లోంచి కదుల్తుంది. నా మాటేంటి? పొద్దున్నే లేచి టీ కాచుకుని, గోడల మొహం చూస్తూ కూర్చోనా?" క్లిఫ్ లేచి నిలబడ్డాడు. "డాక్టరూ వద్దు, గీక్టరూ వద్దు. బయటికి రండి. కంటిచూపు చూడ్డానికి పోలీసులు దారిలో ఆపి కారు నంబరు చదివిస్తారే, అంత దూరంలో మీకిష్టమైన కారు చూపించండి. తప్పు చదివితే ఈ టాక్సీ బ్యాడ్జీ నేనే తీసి మీ చేతిలో పెడతా."

నిబంధనల్లో అలాంటి పరీక్ష లేదు. థార్న్‌లీ అదే చెప్పబోయాడు. డోరీన్ అతన్ని ఆపి, "చదవనివ్వండి," అంది. తల్లి పోయిన రోజు ఆమెని ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చింది క్లిఫే. దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. దించాక మాత్రం, ఆమె లోపలికి వెళ్ళి దీపం వేసేదాకా వానలో నిలబడ్డాడు. ఇవాళ ఆయన గెలవాలని ఆమెకి నిజంగానే ఉంది.

అందరూ బయటికొచ్చారు. మబ్బు పట్టి ఉంది, ఎండ జాడ లేదు. థార్న్‌లీ క్లిఫ్‌ని మెట్ల దగ్గర ఆపి, కార్లు నిలిపే చోటుకేసి చెయ్యి చూపించాడు.

"గోడ పక్కన, మొదటి చోటులో ఉన్న వెండి రంగు కారు. చదవండి."

క్లిఫ్ కళ్ళు చికిలించనైనా లేదు. "పి ఎన్ పదిహేడు, టి వి జి."

"గద్ద చూపయ్యా నీది!" అని టాటర్సల్ ఆయన వీపు తట్టాడు. "కళ్ళజోడు పెట్టుకున్నా నాకు అక్షరం ముక్క ఆనడం లేదు. పదండి, లోపల టీ చల్లారిపోతోంది."

డోరీన్ కదల్లేదు.

"ఇంకోసారి చెప్పండి క్లిఫ్ గారూ."

"పి ఎన్ పదిహేడు, టి వి జి," అన్నాడాయన ఇంకా గట్టిగా.

"ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. అది నా కారు నంబరు."

ఆ మొదటి చోటు అధ్యక్షురాలిదని ఎదుటి టాక్సీ స్టాండులో ఉండే డ్రైవర్లందరికీ తెలుసు. లైసెన్సులిచ్చేవాళ్ళ కార్ల నంబర్లు వాళ్ళకి కంఠతా వచ్చు. ఎవరి వెనక హారన్ కొట్టకూడదో తెలియాలి కదా!

"కానీ నా కారు నిన్నటి నుంచి మెకానిక్ దగ్గరుంది," అంది డోరీన్. "ఇవాళ నేను బస్సులో వచ్చాను క్లిఫ్."

క్లిఫ్ మొహం మీద నవ్వు అలాగే ఉండిపోయింది. ఆయన చాలాసేపు గోడ వైపే చూశాడు. ఆయన వీపు మీది నుంచి టాటర్సల్ చెయ్యి తీసేశాడు.

"మరి... అక్కడున్నది ఎవరిది?" అని అడిగాడు క్లిఫ్.

థార్న్‌లీ డోరీన్ వైపు చూశాడు. ఆమె దించుకున్న తలనే సరేనన్నట్టు ఊపింది. అతను జేబులోంచి తాళాలు తీసి మీట నొక్కాడు.

గోడ పక్కనున్న కారు, పీక నొక్కిన బాతులా అరిచింది.