పూరేడు వాకిట్లో జొన్నకంకి

కాలు విరిగిన పూరేడుపిట్ట రెండు రోజులుగా పిల్లలకు గింజ పెట్టలేక, నోరు విప్పి ఎవర్నీ అడగలేక పొదలోనే కూర్చుంది.

మూడోనాడు పొద్దున్నే కాకీ, జొన్నకంకి ఈడ్చుకుంటూ ఎలుకా వచ్చాయి.

"ముష్టి నాకొద్దు" అని మొహం తిప్పుకుంది పూరేడు.

"ముష్టెవరేశారే పిచ్చిమొహమా! పదిమందినీ పిలవకుండా కాకి ఏనాడైనా మెతుకు ముట్టిందా? కళ్లంలో గింజలున్నాయని నిన్నంతా గొంతు చించుకున్నాను. అందరూ వచ్చారు, నువ్వు రాలేదు. నీ కాలు సంగతి ఈ ఎలుక చెప్పింది, కంకీ తనే మోసింది" అని కసిరింది కాకి.

పిల్లల పొట్టలు నిండాయి. అమ్మయ్య అనుకుని పూరేడు తనూ నాలుగు గింజలు తింది. మిగిలిన కంకిని ఎలుక వైపు తోసి, కాకితో అంది:

"కాకక్కా, ఆ చింతతొర్రలో గుడ్డి గోరింక ఉంది. అదీ అడగదు."