కిర్రుమన్న మంచు

సీలు ఊపిరి పీల్చుకోవడానికి వచ్చే మంచు కన్నం దగ్గర నేనూ నా కూతురు ఉయరాసుక్ రెండు గంటలు కదలకుండా నిలబడ్డాం. నీరు ఉబికింది. అంతలో బూటు కింద మంచు కిర్రుమంది. సీలు వెనక్కి పోయింది.

పిల్ల ఈటె దించి నా బూట్లకేసి చూసింది. "నా వల్లేనా?"

"మొదటి వేటలో అందరి కాళ్లూ కదులుతాయిలే, నాన్నా."

చనిపోయిన మా నాన్న పేరే దానిది. అందుకే ఇంట్లో అందరం ఆయన్ని పిలిచినట్టే పిలుస్తాం.

నిజానికి కదిలింది నా కాలు. ఆ మాట దాచి ఇంటిదారి పట్టాను.

ఇంటికి రాగానే మా అమ్మ, "ఏమయ్యా, వట్టి చేతులేనా?" అని మనవరాలిని ఆటపట్టించింది.

"నా కాలు కదిలింది," అంది పిల్ల.

నా చిన్నప్పుడు, నా కాలు కదిలి సీలు పారిపోయిన రోజు, మా నాన్న అమ్మకు చెప్పిన అబద్ధం కూడా ఇదే.