మెడ వాల్చే గిటార్

షాపులో పళ్ళమ్మాయి ఎడమ చెయ్యి తీసిందో లేదో, గిటార్ మెడ నేలచూపులు చూసింది.

“ఇదేం గిటారే, కొత్త పెళ్ళికూతురిలా తల దించుకుంటోంది!” అంది పిన్ని. ఆవిడ టైలరు. మెడలో కొలతల టేపు, చేతిలో కుట్టుపని సంచి. ఏ వస్తువునైనా చేత్తో తడిమితే గాని నమ్మదు.

పళ్ళమ్మాయి మొహం చిన్నబోయింది.

ఆమె కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పనిచేస్తుంది కాబట్టి ఆ పేరు. పగలంతా పరాయివాళ్ళ పళ్ళు, సాయంత్రమైతే బాస్ గిటార్. పదకొండేళ్ళుగా అదే పిచ్చి. థియేటర్ వాద్యబృందంలో బాస్ గిటార్ సీటు ఖాళీ అయింది. వడపోతలన్నీ దాటి ఇద్దరు మిగిలారు. చివరి పరీక్ష ఇవాళ నాలుగింటికి.

సరిగ్గా నిన్ననే మరిది కాలు తగిలి, ఆమె పాత గిటార్ మెట్లమీంచి దొర్లి రెండు ముక్కలైంది.

చేతిలో ఉన్న డబ్బుకి ఈ షాపులో దొరికింది ఇదొక్కటే. తేనెరంగు. రెండు పక్కలా డొల్ల, నడుమ మాత్రం గట్టి చెక్క. దూదిలా తేలిక.

“గొంతు బంగారం పిన్నీ. గుణమే బాలేదు. వదిలితే మెడ వాలుస్తోంది, శబ్దం పెంచితే ఊళ పెడుతోంది.”

“ఇలా ఇవ్వండి, చూద్దాం.”

మూలన స్టూలు మీద కూర్చున్న మనిషి లేచాడు. కళ్ళజోడుకి నల్లటి బూటు లేసు కట్టుకుని ఉన్నాడు. చొక్కా జేబులో స్క్రూడ్రైవరు. షాపు రిపేరాయన కాబోలు అనుకున్నారిద్దరూ.

“తొందరగా కానివ్వు బాబూ. మా పిల్లకి నాలుగింటికి థియేటర్లో పరీక్ష. ఉన్నది ఒక్కటే సీటు” అంది పిన్ని.

గిటార్ అందుకోబోయిన చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

“నాలుగింటికా?”

“అవును. ఆ రెండో మహానుభావుడు ఎంత ఖరీదైనది తెస్తాడో, ఏమో!”

“ఏది తెచ్చినా వాయించాల్సింది వేళ్ళేగా” అంటూ అతను గిటార్‌కి చెవి ఆనించి, వేలితో కొట్టి చూశాడు. “మంచి చెక్క. తీసిపారెయ్యకండి. తను చవకదని దానికి తెలీదు పాపం.”

పళ్ళమ్మాయికి నవ్వొచ్చింది. పొద్దుటినుంచి అదే మొదటి నవ్వు.

“అమ్మా, మీ సంచిలో స్పాంజి ఏమైనా ఉందా?”

జాకెట్ల భుజాలకి పెట్టే స్పాంజి ముక్కలు రెండు తీసిచ్చింది పిన్ని. అతను వాటిని స్క్రూడ్రైవరు పిడితో గిటార్ పొట్టమీది కంతల్లోకి మెల్లగా కుక్కాడు.

“లోపలి గాలిదే అల్లరంతా. ఇప్పుడు వాయించండి. స్పీకరుకి ఎదురుగా వద్దు, పక్కకి నిలబడండి.”

శబ్దం పెంచింది. ఊళ లేదు. నేల అదిరేంత నిండుగా మోగింది.

“మరి మెడ సంగతి?” అంది పిన్ని.

“అక్కడ నిలబడే వాయించాలి కదా. షాపులో ఉన్నవన్నీ నైలాన్ పట్టీలు, భుజంమీద ఆగవు.”

అతను గోడకి ఆనించి ఉన్న నల్లపెట్టె మూత ఓరగా ఎత్తి, వెడల్పాటి తోలు పట్టీ ఒకటి బయటికి లాగాడు. లోపలివైపు గరుగ్గా ఉంది. అది తగిలించి భుజాన వేసుకుని ఎడమ చెయ్యి వదిలింది పళ్ళమ్మాయి.

మెడ అంగుళం కూడా కదల్లేదు.

పిన్ని కుట్టు తడిమి చూసింది. “చేత్తో కుట్టిందే! ఎవరిదో గాని, ఎంత ఓపిక!”

“దీన్ని మళ్ళీ తెచ్చివ్వాలా అండీ?”

“ముందు గెలిచి రండి” అన్నాడతను.

థియేటర్లో తెర కట్టారు. ఇవతల వాయించేవాళ్ళు, అవతల ముగ్గురు పరీక్షకులు. పేరూ మొహమూ లేవు, నంబర్లే. పళ్ళమ్మాయిది రెండో నంబరు. పక్కగదిలో కూర్చోబెట్టారు.

ఒకటో నంబరు మొదలుపెట్టగానే ఆమె గుండె జారిపోయింది.

“అబ్బ! ఎంత బాగా వాయిస్తున్నారో పిన్నీ!”

పాట చివర్లో ఎడమ చెయ్యి మెడ కొసనుంచి ఒక్క ఊపున కిందిదాకా దూకాలి. అంతవరకూ తేనె పోసినట్టు సాగిన వాయిద్యం సరిగ్గా అక్కడే తడబడింది. ఆ చెయ్యి ఆలస్యంగా చేరింది.

“హమ్మయ్య!” అనేసింది పిన్ని.

పళ్ళమ్మాయి కూడా అనుకుంది. పైకి అనలేదు, అంతే.

తన వంతు వచ్చింది. స్పీకరుకి పక్కగా నిలబడింది. మొదటి మోతకే చెక్క ఆమె పొట్టని ఆనుకుని పలికింది. పదకొండేళ్ళ సాయంత్రాలన్నీ వేళ్ళలోకి దిగాయి. చివరి దూకుడు దగ్గర ఎడమ చెయ్యి మెడని పూర్తిగా వదిలేసింది. పట్టీ వదల్లేదు. చెయ్యి వెళ్ళి గురి చూసినట్టు తీగమీద వాలింది.

తెరవెనక ముగ్గురూ గుసగుసగా మాట్లాడుకుని, గెలిచిన నంబరు పిలిచారు.

“రెండో నంబరు!”

పిన్ని వేసిన కేకకి బయట టిక్కెట్ల వరుసలో ఉన్నవాళ్ళు కూడా ఉలిక్కిపడ్డారు. పళ్ళమ్మాయి ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. గెలిచింది! మెడ వాల్చే చవక గిటార్‌తో గెలిచింది!

“పద పిన్నీ, ముందు ఆ రిపేరాయనకి చెప్పాలి. మా ఆయనకి తర్వాత చెప్పొచ్చు.”

ఇద్దరూ షాపులోకి గాలిలా దూసుకెళ్ళారు. మూలన స్టూలు ఖాళీగా ఉంది. నల్లపెట్టె కూడా లేదు.

“మీ రిపేరాయన ఏరండీ?” రొప్పుతూ అడిగింది పళ్ళమ్మాయి.

“రిపేరాయనా? మాకెవరూ లేరమ్మా” అన్నాడు షాపు యజమాని. “ఆయన కూడా మీలా కొనుక్కోడానికి వచ్చినాయనే. మీరటు వెళ్ళగానే ఒక నైలాన్ పట్టీ తీసుకుని, నాలుగింటికి థియేటర్లో పరీక్ష ఉందంటూ పరుగెత్తాడు.”