ఏనుగుగారి చెరువు

రెండుసార్లు ఎన్నికై అడవినేలిన ఏనుగు పోయింది. చచ్చినవాడి కళ్లు చారెడంటారు కదా, సంతాపసభలో కప్పలన్నీ ఆయన తవ్వించిన చెరువును పొగిడి పొగిడి, గట్టు మీద విగ్రహం పెట్టాల్సిందేనన్నాయి.

కుందేలు బుల్లెమ్మకు ఒళ్లు మండింది. ఆమె బొరియ మునిగింది ఆ చెరువులోనే. ఇల్లు ముంచినవాడికి దండలు కూడానా! లేచి, ఏనుగును ఏడు తరాలూ కలిపి తిట్టింది. తిట్టీ తిట్టీ గొంతెండిపోతే, గబగబా వెళ్లి చెరువులో నీళ్లు తాగొచ్చి, మళ్లీ అందుకుంది.

కప్పల పెద్ద పగలబడి నవ్వాడు. "తిట్టేది ఆయన్ని, తాగేది ఆయన చెరువు నీళ్లా బుల్లెమ్మా?"

బుల్లెమ్మ మూతి తుడుచుకుంది.

"చెరువెక్కడిదన్నా? నేను వెళ్లొచ్చింది మా వంటింటికి!"