మిగిలిన ఛార్జింగ్

"పొద్దున ఎడమ చెవిలో ఇయర్‌బడ్, ఇప్పుడేమో కుడి చెవిలో! పని చేస్తున్నావా, పాటలు వింటున్నావా?" కుట్టు మిషన్ల మధ్య సూపర్‌వైజర్ ఇంతెత్తున లేచాడు.

"ఒకటి పెట్టుకుంటే రెండోది డబ్బాలో ఛార్జింగ్ అవుతుంది సార్. ఇలాగైతే షిఫ్టంతా వస్తుంది," అంది ఆమె, కాలర్ కుడుతూనే.

"తెలివితేటలకేం తక్కువ లేదు. తీసి లోపల పెట్టు!"

తీసింది. డబ్బా మూత టక్కున మూసింది.

అతను ఇంకా రెచ్చిపోయాడు. పెదవులు ఆడుతున్నాయి, వేలు ఊగుతోంది. ఆమె తాపీగా సూదిలో దారం ఎక్కించుకుంది.

"నాకు చెవుడు సార్. మాటలు వినిపించేవి ఇవే," అంది చివరికి. "మీ తిట్లు మీరు కానివ్వండి. ఈ మిగిలిన ఛార్జింగ్‌తో సాయంత్రం మా మనవరాలి కబుర్లు వింటాను."