పైకప్పు బేరం

"దూలాలకి సెదలట్టీసింది పాస్టరుగారూ. పొయ్యిలోకే పనికొస్తాయి," అన్నాడు నరసింగరావు, చర్చి పైకప్పు చూస్తూ.

నరసన్నపేటలో పాత కలప డిపో ఆయనది. కొనేటప్పుడు తిట్టు, అమ్మేటప్పుడు పొగుడు. ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు. తెల్లదొరలు రేవు నడిపిన రోజుల్లో కట్టిన చర్చి అది. విజయనగరం నుంచి కొత్తగా వచ్చిన పాస్టరు వినోద్, దాన్ని పడగొట్టి స్లాబు హాలు కట్టాలంటున్నాడు.

గుమ్మంలో తాతమ్మ అనే చేపలమ్మే ఆవిడ మొత్తుకుంటోంది. "గోపురం కూల్చీస్తే మా పడవలు ఏటి సూసుకొని ఒడ్డుకొస్తాయి బాబూ?"

"ఫోన్లో సూసుకోండి," అన్నాడు నరసింగరావు.

"తడిసిన ఫోను నీ తాత సూస్తాడేటి?"

ఆమెను తోసుకుంటూ ఇస్త్రీ చొక్కా కుర్రాడొకడు లోపలికొచ్చాడు. ముఖం ఎండకు కమిలిపోయి ఉంది.

"నా పేరు శివాజీ. భోగాపురం హోటళ్లకి పాత టేకు కావాల. ఆ మావ ఎంతన్నాడో, దానికి పైమాట నాది."

నరసింగరావు మధ్యలోకి దూరాడు. "నాను ఇంకా పైన!"

"చెదలన్నారుగా?" అన్నాడు వినోద్.

"సెదలా? బర్మా టేకండీ! ఒక్క ఇనప మేకు లేదు, అన్నీ సెక్క సీలలే. బోర్లించిన పడవలాగ ఎలగుందో సూడండి!"

"కర్ర బాగుందిలే. గోడలే గుల్ల," అన్నాడు శివాజీ. "నీకేటి తెలుసు మావా?"

నరసింగరావుకు పౌరుషం పొడుచుకొచ్చింది. గోడను అరచేత్తో చరిచాడు. "గానుగ సున్నంరా ఇది! పైబరువంతా ఆ కోసుగా వంగిన కమానులు పంచుకొని స్తంభాల మీదకి దించుతాయి. బయట దన్నుగా కట్టిన ఆనుడు గోడలు సూసినావా? ఇంకో వందేళ్లు కదల్దు. ఇప్పటి స్లాబులు ముప్పై ఏళ్లకే పెచ్చులూడతన్నాయి."

రంగుటద్దాల వెలుగు నేల మీద పరుచుకుని ఉంది. వినోద్ ఒక స్తంభాన్ని చాలాసేపు నిమిరాడు.

"వందేళ్లుండేదాన్ని పడగొట్టి ముప్పై ఏళ్లదాన్ని కట్టడం ఏం లెక్క, నరసింగరావుగారూ? దీన్నే బాగుచేయిద్దాం."

లెక్కల మనిషి తలెత్తి ఆ పైకప్పును చూశాడు. కొనడానికి కాకుండా ఒక కట్టడాన్ని చూడడం ఆయనకదే మొదలు.

పోటీకొచ్చి తమ ఇద్దరి నోట్లో మట్టి కొట్టి, సందట్లో బయటికి జారుకున్న శివాజీని నాలుగు దులుపుదామని బయటికొచ్చాడు. అక్కడ కారు లేదు, బండి లేదు. ఇసుకలో కూర్చుని తాతమ్మ ఆ ఇస్త్రీ చొక్కా మడతపెడుతోంది.

ఆమె కొడుకు అప్పటికే పడవెక్కాడు.