కొంగమామ పరీక్ష

మడుగు పక్కన గులకరాళ్ల మధ్య తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టుకుంది. ఎండ ముదిరినప్పుడల్లా నీళ్లలో రొమ్ము తడుపుకొచ్చి వాటిని చల్లబరిచేది.

ఒక మిట్టమధ్యాహ్నం కొంగమామ, "ముంగిస వచ్చిందే అమ్మాయీ" అని కేకేశాడు. తీతువు గుడ్ల మీంచి చటుక్కున లేచింది. వాళ్ల జాతిలో తల్లులంతా చేసినట్టే, ముంగిస తన వెంటపడాలని, రెక్క విరిగినదానిలా ఈడ్చుకుంటూ గుడ్లకు దూరంగా పరుగెత్తింది. ఎంత దూరం పోయినా వెనక ఎవరూ రాలేదు.

"ముంగిసా లేదు, ఏమీ లేదు. తల్లి భయం ఎలా ఉంటుందో చూద్దామని," అన్నాడు కొంగమామ తీరిగ్గా.

తీతువు పడుతూ లేస్తూ వచ్చి, కాగిపోతున్న గుడ్లకు చెవి ఆనించింది. లోపల టిక్కుటిక్కుమంటోంది. దానికి ప్రాణం లేచొచ్చింది.

"అడిగితే నేనే చెప్పేదాన్ని కదా మామా. రేపు నిజంగానే ముంగిస వస్తే నీ కేక నమ్మనా, మాననా?"



మర్నాడు కొంగమామ ఎండవేళకు వచ్చి, తన నీడ గుడ్ల మీద పడేలా నిలబడ్డాడు. "ఒకటి అడగొచ్చా అమ్మాయీ? వద్దంటే వెళ్లిపోతాను."

"అడుగుదువుగానిలే మామా," అంది తీతువు, రొమ్ము తడుపుకోవడానికి మడుగు వైపు నడుస్తూ. "నేనొచ్చేదాకా మాత్రం అక్కణ్ణించి కదలకు."